చెవిన పడినవి

తెల్లవారుజాము నాలుగింటికి రోటర్‌డామ్‌లో
మనుషులుండరు,
వాళ్ళు వదిలేసినవి ఉంటాయి.
సీసాలు, గొడుగులు, ఒంటి చేతిజోడు.
ఈ వారం దుఃఖం వదిలేసి వెళ్ళారు.

ఆ గాజు దుకాణం ముందు మోకాలెత్తు పువ్వులు.
మూడు రోజులు తాకొద్దన్నారు పైవాళ్ళు.
నాలుగో రోజు నా చీపురుది.

రూలోఫ్ టెర్‌హోర్స్ట్ పోయాడు.
వడ్లగింజంత యంత్రం చేసి
చెవిటివాళ్ళ చెవిలో పెట్టినవాడు.
బ్యాంకు కోట్ల వాళ్ళు, సైకిలు కుర్రాళ్ళు
వానలో నిలబడి ఏడ్చారట.
ఒక పిల్ల అట్టముక్క మీద రాసింది:
"నా గురక నేనే వినీ విననట్టు పడుకునే మా తాత
ఇప్పుడు తన గురకకి తనే లేస్తున్నాడు. థాంక్స్."

నవ్వొచ్చింది.
కాసేపటికి ఆ అట్టముక్కని డబ్బాలో వెయ్యబుద్ధి కాలేదు.

మా తమ్ముడు అడేలియో చెవిలోనూ అదే గింజ.
పదకొండు వాయిదాలు కట్టాను, పన్నెండోది ఈ నెల.
అది పెట్టిన రోజు వంటింట్లో
కెటిల్ మరుగుతుంటే చూస్తూ నిలబడి,
"నీళ్ళకి ఇంత నోరుందా అక్కా" అన్నాడు.
కాబట్టి ఈ పువ్వుల్ని వెక్కిరించే హక్కు
నాకు పూర్తిగా లేదు.

కానీ ట్రామ్ స్టాపు దగ్గర ఒక తెర ఉంది,
ఎవరూ చూడకపోయినా రాత్రంతా వెలుగుతుంది.
టెర్‌హోర్స్ట్ నవ్వు, టెర్‌హోర్స్ట్ మొదటి కారుషెడ్డు,
టెర్‌హోర్స్ట్ కుక్క,
తర్వాత, వాతావరణానికి ముందు,
ఎనిమిది సెకన్లు ఎండిపోయిన ఒక ఊరు.
దాని పేరు రెండుసార్లు వేశారు,
రెండుసార్లూ వేరు వేరు అక్షరాలతో.
తల్లి కెమెరా వైపు చూడటం లేదు.
ఒళ్ళో పిల్ల ముఖం మీది ఈగని తోలడం లేదు.
ఆ తెరకి శబ్దం లేదు.
తల్లి పెదాలు కదిలాయి, అంతే నాకు తెలిసింది.

మా అమ్మమ్మ సాంటియాగో దీవిలో
వాన రాని ఏడు, ఓడ రాని ఏడు చూసిన మనిషి.
ఇద్దరన్నల్ని ఒకే గుంటలో పెట్టారు,
రెండో గుంట తవ్వే ఓపిక ఎవరికీ లేక.
"లిస్బన్‌కి చెప్పలేదా?" అని అడిగాను చిన్నప్పుడు.
"చెప్పాం. చెవిన పడింది" అంది.
రోకలి పోటు ఆపకుండా,
మొక్కజొన్న నూకలు ఎగిరి నా కాళ్ళ మీద పడుతుండగా.
"పడ్డాక జారిపోయింది."

ఇక్కడ దుఃఖాన్నీ మూడు డబ్బాల్లో వేరు చెయ్యాలి:
ప్లాస్టిక్, కాడలు, మైనం.
రోజాల కట్టకి చీటీ, కెన్యాలో కోశారని.
ఏ చెరువు నీళ్ళు తాగాయో గాని
వాసన లేదు వాటికి.

డబ్బా మూత వేస్తుంటే
కుక్కని తిప్పుతూ ఒక ముసలాయన ఆగాడు.
ఆయన చెవిలో గింజ మెరిసింది.
"అప్పుడే తీసేస్తున్నారా?"
చలికి నా కళ్ళు కారుతున్నాయి.
"మీకూ ఆయన దగ్గరివాడిలా అనిపించాడా?" అన్నాడు మెల్లిగా.
తలూపాను.
ఎవరి కోసం ఊపానో ఆయన అడగలేదు, మంచిదైంది.
కుక్క పువ్వుల చెత్త వాసన చూసి
తుమ్మింది. ఆయన విన్నాడు.

ఇంటికొచ్చేసరికి ఆరున్నర.
అడేలియో నిద్రలో ఉన్నాడు,
గింజ తీసి చాయ్ సాసరులో పెట్టి.
ఎందుకు తీస్తావని ఒకసారి అడిగితే,
"అన్నీ వింటూ పడుకోలేనక్కా" అన్నాడు.

జేబులో వెలిగించని కొవ్వొత్తి ఒకటి మిగిలిపోయింది.
వాయిదా కాగితం మీద నిలబెట్టాను.
అగ్గిపుల్ల గీసి
ఆ ఊరి పేరు పైకి అందామనుకున్నాను,
మొదటి రకమా, రెండో రకమా తేలలేదు.
పుల్ల వేలిదాకా కాలింది.