తూటిపువ్వు

హన్మకొండలో పరకాల బస్సు దిగి
ఓదెలు, బిడ్డ లాస్య.
"మెల్లకన్ను సారూ. పెద్దయితే పోతదన్నరు."

కుడికన్ను మూశాను.
తింటున్న పల్లీపట్టీ చేతిలోనే ఆగింది.

చుక్కలేసి, గంటాగి, దీపం పట్టి చూస్తే
నరం మొదలయ్యే చోట నాణెం లేదు.
గరాటు లోతు. అంచు నుంచి ఈనెల్లా
నిటారుగా సాగిన నెత్తుటి దారాలు.
ఇరవయ్యేళ్లలో నాకిది రెండోది.

"లోపల తూటిపువ్వు లెక్కుంది."
"పీకెయ్యరాదా సారూ?"
"రాదు. పుట్టకముందే పూసింది. ఎవరి తప్పూ కాదు."
తల స్కానింగు రాశాను,
మంచి కంటిని కాచే అద్దాలు రాశాను.

కాగితం మడవబోయి మళ్లీ చాపాడు.
"గా ఆఖరి మాట గూడ రాయుండ్రి సారూ.
గ్రహణం నాడు కూర కోసిన్నని
మా ఇంటామె ఐదేండ్ల సంది
కత్తిపీట ముడుతలేదు."