తొమ్మిది మందికి టేబుల్

శనివారం రాత్రి, తొమ్మిది మందికి.
కొరియా భోజనమే కావాలంది, ముప్పై ఏళ్లు
నాంపల్లి బ్రాంచిలో నోట్లు లెక్కపెట్టిన దమయంతి మేడం.
రిటైరయ్యే మనిషి మాట, కాదనేదెవరు?
వెతికే పని నాకు పడింది.

జూబ్లీహిల్స్‌లో కింద కూచుని తినాలట;
భాస్కరరావు గారి మోకాళ్లు ఒప్పుకోవు.
కొండాపూర్‌లో ఏది చూసినా పందిమాంసమే;
తస్లీమా ఏమీ అనలేదు, ఫోన్ బల్లమీద బోర్లించింది.
ఆ పేరు అప్పుడే కొట్టేశాను.
శనివారం ముక్క ముట్టనని పురుషోత్తం.
పోనీ బిర్యానీకే పోదామని, ఎప్పటిలాగే, ఎవరో.

మేడం పాస్‌బుక్ మీద ముద్ర వేస్తూ
"చిన్న చిన్న గిన్నెల్లో పచ్చళ్లు పెడతారు,
అయిపోతే అడక్కుండానే మళ్లీ తెస్తారు,
సీరియల్లో చూశా" అంది.

మధ్యాహ్నం ఆమె డబ్బా గుర్తొచ్చింది.
మాగాయ మా అందరికీ పంచి
అడుగున మిగిలిన నూనెలో
తన ముద్ద కలుపుకునేది.

గచ్చిబౌలిలో ఒకటి దొరికింది.
కుర్చీలున్నాయి. హలాలే. టోఫూ ఉంది.
చివరిది అడగడానికి సిగ్గేసింది:
"పచ్చళ్లు... మళ్లీ మళ్లీ వేస్తారా?"
అటువైపు మణిపూర్ కుర్రాడు నవ్వాడు,
"కిత్నా భీ, దీదీ.
నామ్ బోలియే."

దమయంతి అని రాయించాను.