మూడో కోటు

"ఇల్లు అమ్మాలంటే పిన్నీ,
ఇందులో ఎవలూ బతికినట్టు అగుపడకూడదు"
చెప్పులిప్పకుండానే చెప్పేడు బ్రోకరు దుర్యోధన.
ముందు ఆ మేకులు పీకించమన్నాడు.

మేకులు పదకొండు.
కొట్టింది నేనే గనక లెక్క తెలుసు.
ఒక్కోటీ లాగుతుంటే
గోడ చిన్నగా దగ్గి గుప్పెడు ఇసక ఉమ్మింది.
సిమెంటు తక్కువేశాడు మేస్త్రి కామేసు,
ఇరవై రెండేళ్లకి దొరికేడు దొంగ.

కాశీబుగ్గ, రైలు గేటు దాటి మూడో సందు.
సెంటున్నర.
పన్ను రసీదు మీద బమ్మిడి గున్నమ్మ అని ఉంటుంది,
భర్త పేరు గడిలో
గుమస్తా గీసిన అడ్డగీత ఉంటుంది.
జీడిపిక్కలు కొట్టిన కూలితో కట్టేను.
తలుపు బిగించిన వారానికే
అప్పులవాళ్లు దాన్ని తట్టడం మొదలెట్టేరు.
గడియ కొనడానికి ఇంకో నెల పట్టింది.

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్న పెద్దలు
అమ్మి చూడు అనలేదు.
వాళ్లెవరూ అమ్మి ఉండరు.

ఢిల్లేసు డబ్బాలు మోసుకొచ్చేడు.
"ఏ రంగెయ్యమంటావు?"
"ఎవలికీ నచ్చకుండా ఉండనిది."
"అదా," అని తెలుపులో రవ్వంత గోధుమ కలిపేడు.
వంటింటి నీలం పోయింది.
తలుపు వెనకాల బొగ్గుతో రాసుకున్న కిలోలు,
వాటి పక్కన సున్నాలు చుట్టిన,
షావుకారు తూకంలో మింగిన కిలోలు,
అవీ పోయాయి.

స్విచ్చిబోర్డు చుట్టూ మాత్రం
నా అయిదు వేళ్లు పోలేదు.

మొదటి కోటు ఆరేసరికి పసుపుగా తేలేయి.
రెండో కోటు మీద తెల్లారేసరికి
టీ ఒలికినట్టు.
జీడి సొన మరి.
బూడిద రాసుకున్నా ఆముదం రాసుకున్నా
తోలు తినేసే సొన.
అడ్వాన్సు కాగితాల రోజున
ఆఫీసులో మిషను నా బొటనవేలిని
మూడుసార్లు కాదు పొమ్మంది.
గోడకి మాత్రం నేను తెలుసు.

ఢిల్లేసు తిట్టుకుంటూ మూడో కోటు వేశాడు.
నాలుగొందలు అదనం.

ఉత్తరం గది మూల సంగతి వేరు.
తిత్లీ రాత్రి పక్కింటి కొబ్బరిచెట్టు
మా శ్లాబు మీద తల వాల్చింది.
దాన్ని తీశాం, పగులు పూడ్చేం.
అయినా వానొస్తే ఆ మూల చెమరుస్తుంది.
"బీరువా అక్కడికి జరిపీ పిన్నీ,
నాను చూసుకుంటాను" అన్నాడు దుర్యోధన.

ఆదివారం వచ్చేరు, రైల్వే కీమేను, అతని ఇల్లాలు.
అతను గోడలు తట్టి చూశాడు,
పట్టాలు తట్టినట్టే, చెవి ఆనించి.
ఆమె తిన్నగా కుళాయి దగ్గరికెళ్లి
దోసిలి పట్టి వాసన చూసింది.
"ఈ నీళ్లెక్కడివి?"
ఆమెది కవిటి అవతల.
మా వైపు ఆడోళ్లు ఇల్లు తరవాత చూస్తారు.

చెప్పేను.
నీళ్ల గురించి చెప్పిన నోరు
అక్కడితో ఆగితే బాగుండేది.
కానీ పదిహేనేళ్లు పప్పు ఏరేను,
గుండులో ఒక్క బద్ద కలిసినా
ఆ పూట కూలి కోసేసేవారు.
బీరువాకి భుజం పెట్టి నేనే నెట్టేను.
"ఇది గుండు కాదమ్మా, బద్ద.
ఈ మూల కారుద్ది."

దుర్యోధన కళ్లు మూసుకున్నాడు.
నలభై వేలు తగ్గింది.
నేనూ, దమయంతీ, ఇంకో ఇద్దరం కలిసి
అద్దె షెడ్డులో పెట్టబోయే పాత బాయిలరుకి
ఆ దెబ్బతో పైపులు లేకుండా పోయాయి.
దమయంతి రెండ్రోజులు మాటాడలేదు.
మూడో రోజు వచ్చి
పైపులు అరువిచ్చే కొట్టు ఒకటుందంది.

తాళాలు ఇచ్చిన సాయంత్రం
దీపాల వేళ అయ్యింది.
ఆమె స్విచ్చి మీద చెయ్యి వేసి ఆగింది.
"ఇదేటి మరక?"
"నేను" అన్నాను.

ఆమెకి అర్థమయ్యిందో లేదో.
చెప్పులేసుకుంటూ వెనక్కి తిరిగి చెప్పేను,
మరి దాని మీద రంగు వెయ్యకండి,
డబ్బు దండగ.