నాలుగు వేళ్ల కురచ

కిటికీల కొలతలు ఫోన్ల చెప్పిండు మేనేజరు.
తప్పు ఆయన నోటిదో, నేను రాసుకున్న చీటీదో,
నాలుగు గదుల పరదాలు
నాలుగు వేళ్లు కురచైనయ్.
పైసలు ఆపిండ్రు.
కత్తెర, టేపు, అదే రంగు దారపు ఉండలు రెండు
సంచిల వేసుకొని కల్వకుర్తిల బస్సెక్కిన.

అచ్చంపేట దాటినంక ఎండ సన్నబడ్డది.
మన్ననూరు గేటుకాడ జీపు నిలబడ్డది, నా కోసమే.
నా పేరు అడిగి ఎక్కించుకున్న బండి
ఇదే మొదలు:
"అండాలక్కవా? కుట్టేటామెవా?"

దిగి, దిగి, ఇంకా దిగి,
రెండు గుట్టల నడుమ
అంగికి జేబు కుట్టినట్టు ఒక లోయ.
జేబు అడుగున నాలుగు గదులు.
లాడ్జి పేరు ఇంగ్లీషుల ఉన్నది, నాకు నోరు తిరగదు.
దూరాన, బాగా కింద, కృష్ణ
వేడెక్కిన ఇస్త్రీపెట్టె ఆగిన జాగ లెక్క
ఒక్కకాడ మెరుస్తున్నది.

మూడు గదులు విప్పి కుట్టేసరికి పొద్దుపోయింది.
"గేటు మూసేస్తరక్కా, రాత్రి అడివిల బండ్లు పోనియ్యరు.
మూడో నంబరు ఖాళీగున్నది, పండుకో" అన్నడు
వంటకాడి పిలగాడు ఎలీషా.
మేనేజరు గది దిక్కు చూసి కన్ను గీటిండు.

రాత్రికి పద్దెనిమిది వేలట.
మనసుల లెక్క కట్టిన:
అరవై లైనింగు జాకెట్లు, హుక్కులతో సహా.
అరవై జాకెట్ల మీద పండుకుంటే
నిద్రెట్ల వస్తది?

స్నానాల తొట్టి మా మిషిను బల్లకంటె పొడుగున్నది.
నింపబుద్ధి కాలే. చెంబు కోసం ఎతికిన, లేదు.
తాగే గిలాసతోనే పోసుకున్న.
చిన్న సబ్బు ఒకటి సంచిల వేసుకున్న,
అబద్ధమెందుకు.

బువ్వ తిన్నంక మెట్ల మీద కూసున్నడు బయన్న,
పొద్దున అతిథులను గుట్టెక్కించే చెంచాయన.
బల్లల మీది చిట్టి సీసాలల్ల తేనె
వాళ్ల పెంటదేనంట.
"కొండ అంచు నుంచి తాడు మీద దిగుతం.
పైన తాడు పట్టేది బామ్మర్దే. ఇంకొకరికియ్యం."
"సొంత అన్న పట్టొద్దా?"
"అన్నకేముంది? బామ్మర్దికైతే
అక్క గాజులు కండ్లల్ల మెదుల్తయ్."
నవ్విండు. నేనూ నవ్విన.
ఒకప్పుడు మిషిను తొక్కుతుంటే
గాజులు గుడ్డకు అడ్డమొస్తుండె నాకు.
ఇప్పుడు రావు.

పరుపు మెత్తగ మింగుతుంటే లేచి
గచ్చు మీద దుప్పటి పరుచుకున్న.
ఆ గది పరదా ఇంకా విప్పలే.
గోడంత అద్దం, దాని మీద నా కురచ పని,
కింద నాలుగు వేళ్ల సందు.
అండ్ల నుంచి వెన్నెల లోపలికొచ్చి
నా చెంప దగ్గర ఆగింది.

నడిజాముల గడ్డి కదిలింది.
నాలుగు కాళ్లు.
మోకాళ్ల దాకనే కనబడ్డయ్, పైన అంతా పరదా.
ఒక కాలు లేపి, పెట్టాల్నా వద్దా అన్నట్టు
చానాసేపు గాలిలనే ఉంచి,
పెట్టి,
పోయినయ్.
లేచి పరదా జరిపితే మొత్తం చూద్దును.
లేవలే. ఊపిరి కూడా సగమే తీసిన.

తెల్లారి బయన్నకు చెప్పిన. కాళ్లంటే ఏం కాళ్లన్నడు.
బల్ల మీద వేళ్లతో నడిచి చూపించిన.
ఇంకోసారి చూపియ్యమన్నడు.
"కణితి. ఎనుక కాళ్లు ఎడంగ ఏస్తున్నది.
కడుపుతోని ఉన్నట్టున్నది."
ఒకటో నంబరాయన మూడు రోజులాయె
మెడల దుర్బిణీ ఏలాడేసుకొని తిరుగుతున్నడు.
ఆయనకు ఇద్దరం చెప్పలే.

ఆఖరి పరదా విప్పి అంచు దించిన.
పనంటే పని.
ఇప్పుడది గచ్చును తాకుతది, చీమంత వెన్నెల రాదు.
మేనేజరు వంగి వేలు పెట్టి చూసి
"సరిపోయింది" అన్నడు. పైసలు లెక్కపెట్టిండు.

తిరుగు బస్సుల, డిండి దాటినంక,
నాలుగు వేళ్లు దగ్గరికి ఆనిచ్చి
కండ్ల ముందర పెట్టుకున్న.
ఇంతే.
ఇంతల పట్టింది.
పక్క సీటామె నా చెయ్యి దిక్కు చూసింది.
కొలత, అన్న.