సుత్తి ఆగిన రాత్రి

మా లోయలో కంటికి కునుకు పట్టాలంటే
ఎక్కడో పైన ఒక సుత్తి మోగుతుండాలి.

కొండ చరియకు వేలాడే కొయ్య కాలువ మాది.
లార్చ్ మానులు తొలిచి, రాతిలో మేకులు దిగ్గొట్టి,
హిమానీనదం మూతి దగ్గర్నుంచి
ఊరి రై చేల దాకా నడిపించుకొచ్చిన నీళ్లు.
సగం దారిలో చిన్న చక్రం.
అది తిరిగినప్పుడల్లా చెక్క మీద పడే సుత్తి.
టక్.
ఒక ఊపిరంత సేపు.
టక్.
అంటే నీళ్లు పారుతున్నట్టు.

నీరటి సెవెరిన్ గుడిసె ఆ సుత్తి పక్కనే.
పిడుగు పడ్డా లేచేవాడు కాదు.
చప్పుడు ఆగిందా,
బూట్లైనా వెతుక్కోకుండా లాంతరు పట్టుకుని
జానెడు పలక మీద నడిచి వెళ్లేవాడు.
ఒక పక్క రాయి.
ఇంకో పక్క ఏమీ లేదు.
అతనికి ముందు నీరటి అతని అన్న.
అన్న ఆ ఏమీ లేని పక్కకి వెళ్లిపోయాడు.

నీటి వంతులు కాగితం మీద ఉండేవి కావు, కర్ర మీద ఉండేవి.
ఇంటికో గాటు. మాది రెండు గీతలూ ఒక చుక్కా.
అక్షరం రాని మా అవ్వ క్రెసెంజ్
ఆ కర్రను వేలికొసతో తడుముతూ ఊరి చరిత్ర చదివేది:
"ఇదిగో, ఇక్కడ అన్నదమ్ములు విడిపోయారు.
ఇక్కడ ప్లేగు. నాలుగు గాట్లు ఒక్కసారే చెక్కేశారు.
ఇది అంటన్‌ది, దొంగ వెధవ,
మన వంతులో మడవ తీశాడు.
ఇప్పుడు మంచుగడ్డలో మెడ దాకా నిలబడి ఉంటాడు,
దాహమేస్తోందని అరుస్తూ."

రొట్టె ఏడాదికి రెండు సార్లే కాల్చేవాళ్లం.
మార్చి నాటికి అది గుండ్రాయి.
నాన్న దాన్ని కత్తిపీటకి అదిమి విరిస్తే
ఎగిరిన పెంకుల కోసం మేం నేల మీద పాకేవాళ్లం.
బిడ్డ పుడితే ఒక చీజ్ చక్రం అటకెక్కేది.
ఆ మనిషి పోయిన రోజున దించి, కోసి, అందరికీ పంచడానికి.
నాది నాకంటే మూడు నెలలు చిన్నది.
అప్పుడప్పుడూ పైకెళ్లి పలకరిస్తుంటాను.
ఇద్దరం గట్టిపడుతున్నాం.

చలికాలం సుత్తి ఉండదు, నిజమే.
కానీ మంచు నిశ్శబ్దం వేరు. అది నిండుగా ఉంటుంది.
మాకు భయం వేసవి నిశ్శబ్దమంటేనే.

తర్వాత కొండకి సొరంగం తవ్వారు, పైపు వేశారు.
జూన్ సాయంత్రం బ్యాండు మేళం. ఫాదర్ పైపుకి కూడా తీర్థం చల్లాడు.
అవ్వ కొళాయి తిప్పి, కట్టి, మళ్లీ తిప్పి
"ఇది ఎవరి వంతు?" అని అడిగింది.
ఎవరి వంతూ కాదన్నారు.
ఆమెకి నచ్చలేదు.

ఆ రాత్రి పైన తలుపు దించేశారు.
రెండింటికి కాబోలు, ఒక కిటికీలో దీపం వెలిగింది.
తర్వాత దాని పక్కింట్లో. తర్వాత ఊరంతా.
రాత్రి చొక్కాలతో, జుట్టు విరబోసుకుని,
పసిబిడ్డల్ని భుజాన వేసుకుని అందరూ సందులోకి వచ్చి
ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.
"పైపు కదా," అని ఎవరో నవ్వబోయారు.
సెవెరిన్ అప్పటికే బయల్దేరాడు.

తెల్లవారి దిగి వచ్చాడు, పాదాలు పొడిగా ఉన్నాయి.
"కాలువ ఎక్కడా తెగలేదు," అన్నాడు.
"అంతా బాగుంది."

అతని చీజ్ రెండేళ్ల తర్వాత దించాం.
రంపంతో కోయాల్సి వచ్చింది.

సుత్తి ఇప్పుడు మ్యూజియంలో ఉంది.
బొత్తాం నొక్కితే ఒక్క నిమిషం మోగుతుంది.
తలుపు దగ్గర టికెట్లు చింపే ఉద్యోగం నాది.
బడిపిల్లల బస్సు వచ్చిన రోజున
ఒకరి తర్వాత ఒకరు నొక్కుతూనే ఉంటారు.
నేను కుర్చీలోనే తల వాల్చేస్తాను,
నోరు తెరుచుకుని, గురక కూడా పెడతానట.
మేనేజర్ రెండు సార్లు మందలించాడు.

బస్సు వెళ్లిపోగానే
మెలకువ వచ్చేస్తుంది.
లేచి, బూట్ల కోసం చూసుకోకుండా,
రెండడుగులు వేస్తాను.