చీటీ నంబరు 2,94,409

మిర్చి యార్డులో కరెంటు పోయిన రాత్రి
సెల్లు లైటు కింద
కాటా చీటీ వెనక భాగహారం చేస్తున్నాను.
రెండు లక్షల తొంభై నాలుగు వేల నాలుగు వందల తొమ్మిది.
లాల్‌పురం రైతు సరుకు, నలభై మూడు టిక్కీలు,
తూకం తెల్లారాకే.
నిద్ర ఎలాగూ రాదు, కళ్ళకి ఘాటు కాపలా.

సరి సంఖ్య కాదు. చివర అయిదూ లేదు, సున్నా లేదు.
అంకెలన్నీ కూడితే ఇరవై ఎనిమిది, మూడుకి చిక్కదు.
ఏడు పెట్టి చూశాను, మూడు మిగిలింది.
పదకొండుకి అయిదు. పదమూడుకి పదకొండు.
పదిహేడో ఎక్కం నాకు సగం దాకే వచ్చు,
మిగతా సగం వేళ్ళు మడిచి రాబట్టాను.
పంతొమ్మిది, ఇరవై మూడు, ఊహూఁ.
ఇరవై తొమ్మిది దగ్గర ఒక్కటంటే ఒక్కటే మిగిలింది
చుట్టుగుంటలో ఆఖరి ఆటో తప్పిపోయినవాడిలా.
ముప్పై ఒకటికి రెండు.
పెన్ను పక్కన పెట్టేశాను.

"తెగలేదా గుమాస్తా గారూ?"
గోతాల మీద ఒత్తిగిల్లి హమాలీ యోహాను.
"తెగదురా. ప్రధాన సంఖ్య.
ఒకటీ, తనూ. మూడో మనిషి పొత్తు లేదు."
"నాలాంటిదే అయితే," అని అటు తిరిగాడు.

పొద్దున తొడిమలు తీసే ముఠాతో సలోమి వచ్చింది,
డిగ్రీలో లెక్కలు చదివే పిల్ల.
రెండుని రెండుతో
ఈ నంబరుకి ఒక్కటి తక్కువ సార్లు హెచ్చించి
దీనితోనే భాగిస్తే ఒకటి మిగలాలట.
ఫోనులో వేసింది. ఒకటే.
మూడుతో వేసింది. ఒకటే. అయిదుతోనూ ఒకటే.
"చూశావా," అన్నాను, నేనేదో గెలిచినట్టు.
"అడిగినోళ్ళందరికీ ఒకే జవాబు చెబుతోంది బాబాయ్,
నాకు అనుమానంగా ఉంది."
చీటీ లాక్కుని
నేనాగిన చోట నుంచి ఒక్క మెట్టు ఎక్కింది.

ముప్పై ఏడు.
శేషం సున్నా.

వచ్చింది మళ్ళీ చీలింది: డెబ్బై మూడు, నూట తొమ్మిది.
ముప్పై ఏడు అద్దంలో చూసుకుంటే డెబ్బై మూడు.
నంబరులోంచి ఒక్కటి తీసేస్తే చాలు,
ముప్పై ఆరుకీ, డెబ్బై రెండుకీ,
జపమాల నూట ఎనిమిదికీ
కిక్కురుమనకుండా తెగుతుంది.

అవతల కొనుగోలుదారు టిక్కీలో మోచేతి దాకా చెయ్యి దూర్చి
అడుగు కాయ పైకి లాగుతున్నాడు.
ముప్పై ఏళ్ళుగా చూస్తున్నాను,
పైన ఎర్రగా నిగనిగలాడేది లోపల తాలు.
ఇదీ దొంగ సరుకే, ఒప్పుకుంటాను.
కానీ కుట్టు విప్పితే లోపల
మూడు ఒంటి కాయలు, ఏదీ తాలు కాదు.

యోహాను మొదటి టిక్కీ వీపుకెత్తుకుని
"ముగ్గురున్నారంట లోపల," అన్నాడు నాకేసి చూడకుండా.
రోజూ విసిరేసేవాడు
ఇవాళ కాటా మీద నిదానంగా దించాడు.