దొంగ మణుగు

కార్పొరేషన్ ఆఫీసు నుంచి కాగితమొకటి వచ్చింది.
మీ వార్డులో వారసత్వ కట్టడాలుంటే రాయండి:
పేరు, కట్టిన ఏడు, పొడవు, వెడల్పు, ప్రస్తుత స్థితి.
సోమవారం లోపల.

నేను కుళాయి పన్నుల వాణ్ణి.
ఎవరి మోటారు దొంగచాటుగా నీళ్ళు లాగుతుందో చెప్పగలను,
చరిత్ర నా సెక్షను కాదు.
అయినా బండి తీశాను.

కోట విజయనగరం నడిబొడ్డున ఉంది.
గంట స్తంభమూ అక్కడే, సంగీతం కాలేజీ అక్కడే.
మాది అంచు.
మొన్నమొన్నటిదాకా పంచాయతీ;
నారగుంటవలస అని రేకు మీద రాసి ఉండేది.
ఆ రేకు ఇప్పుడు బొడ్డేపల్లి సన్యాసమ్మ మేకల పాకకి తలుపు.
"వలస" ఒక్కటే మిగిలింది,
ముందున్న అక్షరాలు మేకలు ఒళ్ళు రుద్దుకుని చెరిపేశాయి.

కోరాడ తవిటమ్మ అరుగు మీద చింతపండు పిక్కలు తీస్తోంది.
"పాతవేటున్నాయి అప్పా, ఈ ఊర్ల?"
"నానున్నాను" అంది.
పొడవు నాలుగడుగుల చిల్లర. రాయలేదు.

తర్వాత చెయ్యెత్తి పార్కు వైపు చూపించింది.
సిమెంటు జిరాఫీ నిలబడ్డ చోట
గోగు ఊరేసే గుంట ఉండేదట.
కట్టలు కట్టి, నీట ముంచి,
పైన బురద పెళ్ళలు బరువు పెట్టి
ఇరవై రోజులు వదిలేస్తే
ఊరంతా ఒకటే కంపు.
"కొత్తకోడళ్ళు ముక్కు మూసుకుంటే నవ్వీవోలం.
ఆ కంపొచ్చినాదంటే డబ్బులొచ్చినట్టే నాయినా."
మొలలోతు నీళ్ళలో నిలబడి నార ఒలిచేవాళ్ళు,
మిల్లు కూత వినబడితే గంజికి గట్టెక్కేవాళ్ళు.

కంపుకి పొడవెంత?
"పడమటి గాలైతే మిల్లుదాకా."
కూతకి?
అడగలేదు. ఆమె పిక్కలు లెక్కపెడుతోంది.

షావుకారు పేరు చెప్పలేదు.
మనవలు మంచోళ్ళు, మందుల షాపెట్టుకున్నారు, ఎందుకులే అంది.
మూడు వాసాలకి కాటా వేలాడేది.
ఒక పళ్ళెంలో మా నార,
ఒక పళ్ళెంలో కొంకీ బిగించిన నల్లరాయి. దాని పేరు మణుగు.
"మావెంత ఏసినా రాయే కిందకుండీది."

ఒక రాత్రి ఆ రాయి మాయమైంది.
పోలీసులొచ్చి మగాళ్ళని వరసగా నిలబెట్టి కొట్టారు.
ఎవడూ చెప్పలేదు,
ఎవడికీ తెలీదు కనక.

"ఎవలు తీసినారు అప్పా?"
పిక్కొకటి తీసి వీధిలోకి విసిరింది.
"పేడగంపలో ఎట్టుకెల్తే
ఎవుడు సెయ్యెడతాడు?"

నిరుడు కాలవ తవ్వుతుంటే
జేసీబీ పంటికి తగిలి బయటపడిందది.
అట్టాడ గురువులు టీ బడ్డీలో
కాలు విరిగిన బెంచీ కింద పెట్టాడు.
ఇద్దరు తాగేవాళ్ళని లేపి, రాయి లాగి,
పాత ఇనుము కొట్టు కాటా మీద పెట్టాను.
ఎర్రంకెలు కాస్త ఊగి ఆగాయి:
పన్నెండు కిలోల ఎనిమిదివందల యాభై.
మణుగంటే పదకొండు కిలోల చిల్లర.

వెనక్కొచ్చి చెప్పాను. "కిలోన్నర అప్పా. మణుక్కి కిలోన్నర."
వేళ్ళ కణుపులు లెక్కపెట్టుకుంది.
మళ్ళీ మొదటికొచ్చి లెక్కపెట్టుకుంది.
"మా సారావు" అంది చాలాసేపటికి,
"అందులోనే ఎల్లిపోనాది."

పేరు: దొంగ మణుగు.
కట్టిన ఏడు: తెలియదు.
పొడవు: జానెడు. వెడల్పు: జానెడుకి తక్కువ.
స్థితి: బాగున్నది.
బరువుకి గడి లేదు, అంచు మీద రాశాను.

సోమవారం గుమస్తా చదివి,
"ఇది కట్టడం కాదు కదండీ" అన్నాడు,
అయినా ముద్ర వేశాడు, చెయ్యి అలవాటుకొద్దీ.

రాయి టీ బడ్డీలోనే ఉంది.
నేను తిరిగి పెట్టాను.
బెంచీ ఊగడం లేదు.